ఎల్‌నినో పోయాక కూడా చేపలు ఎందుకు రావు?

"ఎల్‌నినో ఏడాదిలో పోతుంది కదండీ, మరి సముద్రంలో ఒక రకం చేప పదేళ్లు, ఇరవై ఏళ్లు మాయమవడమేంటి? దానికి వేరే పెద్ద చక్రం ఏదో ఉండాలి కదా" అని కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు. ఎల్‌నినో అంటే ఏంటో ఇక్కడ చెప్పను, జూన్ వస్తే చాలు టీవీల్లో అదే పాఠం. నన్ను పట్టుకున్నది ప్రశ్నలోని రెండో సగం. నెమ్మదిగా జరిగే మార్పు వెనక నెమ్మదైన కారణమే ఉండాలని మనం గట్టిగా నమ్ముతాం. అలా ఉండాల్సిన అవసరమేమీ లేదు.

ముందు జరిగినవి చూద్దాం. కాలిఫోర్నియాలో 1936-37 సీజన్‌లో 7 లక్షల టన్నులకు పైగా సార్డీన్లు, అంటే మన కవళ్ల చుట్టాలు, వలల్లో పడ్డాయి. 1950లు వచ్చేసరికి ఆ పరిశ్రమే మూతపడే స్థితి. పెరూలో 1970లో 1.2 కోట్ల టన్నులకు పైగా నెత్తళ్లు పట్టారు, 1972 ఎల్‌నినోతో అంతా కూలింది, మళ్లీ ఆ స్థాయి దరిదాపులకు రావడానికి 20 ఏళ్లు పట్టింది. మన దగ్గర కేరళ వాళ్ల ప్రాణమైన మత్తి, అదే నూనె కవళ్లు, 2012లో దాదాపు 4 లక్షల టన్నులు దొరికితే 2021లో 3,300 టన్నుల దగ్గర ఆగింది.

అంతా వేట వల్లే అనేయొచ్చు, అందులో నిజం ఉంది కూడా. కానీ కాలిఫోర్నియా తీరంలోని శాంటా బార్బరా లోయ అడుగున ఆక్సిజన్ దాదాపు ఉండదు. బురదను కలియదోడే పురుగులు బతకవు కాబట్టి అది ఏటికేడు పొరగా అలాగే పేరుకుంటుంది. ఆ పొరల్లోని చేప పొలుసులు లెక్కపెట్టి సుమారు 1,700 ఏళ్ల చరిత్ర రాశారు. పెద్ద పడవలు, డబ్బాల ఫ్యాక్టరీలు పుట్టకముందు కూడా సార్డీన్లు విపరీతంగా పెరగడం, దాదాపు కనుమరుగవడం, మళ్లీ రావడం ఎన్నోసార్లు జరిగింది.

ఎందుకు? 1976లో క్లాస్ హాసెల్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు (2021లో ఆయనకు నోబెల్ వచ్చింది). గాలికి జ్ఞాపకం తక్కువ, మూడు వారాల కిందటి తుఫానుకూ ఇవాళ్టి గాలికీ పెద్దగా సంబంధం ఉండదు. సముద్రం అలా కాదు. మొత్తం వాతావరణం దాచుకోగల వేడిని పైపై మూడు మీటర్ల నీరే దాచేస్తుంది. అందుకని గాలి ఇచ్చే ప్రతి చిన్న వేడినీ చల్లదనాన్నీ అది కూడుకుంటూ పోతుంది.

మీ వీధి చివర కిరాణా కొట్టులో ఖాతా ఉందనుకోండి. ఒకరోజు పాల ప్యాకెట్, ఒకరోజు పాతిక కిలోల బియ్యం, రెండ్రోజులు ఏమీ లేదు, మధ్యమధ్యలో కొంత డబ్బు కడతారు. రోజువారీ కొనుగోళ్లు కాగితం మీద గీస్తే గజిబిజి. అదే బాకీని గీయండి, కొన్ని నెలలు పైకి, కొన్ని నెలలు కిందికి నింపాదిగా తిరుగుతుంది, ఎవరూ ప్లాన్ చేయకపోయినా. కొనుగోళ్లు గాలి, బాకీ సముద్రపు వేడి, మీరు కట్టే డబ్బు సముద్రం మళ్లీ గాలిలోకి వదిలే వేడి. ఇక్కడితో ఆగలేదు. వీధిలో బాకీలు ఎక్కువగా ఉన్నన్నాళ్లూ కొట్టతను బేగంబజార్ హోల్‌సేల్ వ్యాపారి దగ్గర నెలనెలా అప్పు పెంచుకుంటాడు, బాకీలు తగ్గితే తీరుస్తాడు. ఆ బేగంబజార్ పుస్తకంలో గీత ఇంకా నున్నగా, ఏళ్ల తరబడి ఒకే వైపు సాగుతుంది. అసలు విషయం ఇదీ: వీధి బాకీలు మామూలు స్థాయికి దిగే వేళకే ఆ పుస్తకంలో అప్పు దాదాపు శిఖరం మీద ఉంటుంది, తీరడం అప్పుడే మొదలవుతుంది.

జీవులది ఆ రెండో పుస్తకం. నీరు అనుకూలంగా లేనన్నాళ్లూ ప్రతి ఏడాదీ పిల్లలు తగ్గుతాయి, తగ్గిన పిల్లలే రేపటి తల్లులు. నీరు చక్కబడిన రోజున గుడ్లు పెట్టే చేపలే లేవు. 2013లో ఇద్దరు పరిశోధకులు, డి లొరెంజో, ఓమన్, కాలిఫోర్నియా తీరంలోని ఒక జాతి క్రిల్ (రొయ్యలా ఉండే చిన్న జీవి) లెక్కలతో దీన్ని పరీక్షించారు. ఉత్తర పసిఫిక్ మీది అల్యూషన్ అల్పపీడనం ఒడిదుడుకులను ఒకసారి కూడితే సముద్రపు వేడిలోని నెమ్మదైన ఊపు, పసిఫిక్ డెకేడల్ ఆసిలేషన్ (పీడీఓ) అంటారు దాన్ని, వచ్చింది. దాన్ని మళ్లీ కూడితే క్రిల్ సంఖ్యలోని దశాబ్దాల ఊపు చాలావరకు వచ్చేసింది.

కొంచెం లెక్క చెప్తాను, వద్దనుకుంటే ఈ పేరా దాటేయండి. సముద్రం జ్ఞాపకం 6 నెలలు అనుకుంటే, ఈ నెల వేడిలో 0.85 వంతు వచ్చే నెలకు మిగులుతుంది, దానికి కొత్త యాదృచ్ఛిక గాలి కలుస్తుంది. జీవుల జ్ఞాపకం 24 నెలలైతే మిగిలేది 0.96 వంతు. ఒకసారి కూడితే వేగమైన ఊపుల బలం పౌనఃపున్యం వర్గానికి విలోమంగా తగ్గుతుంది, రెండోసారి కూడితే నాలుగో ఘాతానికి. వేగంగా మారేదంతా దాదాపు చచ్చిపోయి నిదానంగా మారేదే కనబడుతుంది.

ఇలాంటి గీతలో మన కళ్లకు వెంటనే చక్రం కనబడుతుంది. 1927లో స్లట్‌స్కీ అనే రష్యన్ గణితవేత్త ప్రభుత్వ లాటరీలో వచ్చిన అంకెలను వరసగా కూడుతూ గీస్తే, అది ఇంగ్లండ్ వ్యాపార ఒడిదుడుకుల గ్రాఫులా వచ్చింది! సార్డీన్ పొలుసుల్లో సుమారు 60 ఏళ్ల ఊపు ఉందన్న మాట వినగానే ప్రభవ నుంచి అక్షయ దాకా మన 60 సంవత్సరాలూ ఎత్తుకుని "మనవాళ్లకు ముందే తెలుసు" అనేవాళ్లు నాకు బాగా తెలుసు. పంచాంగం వినండి, ఉగాది పచ్చడి తినండి, చేపల జోలికి మాత్రం దాన్ని తేవొద్దు. మన బళ్లలోనూ ఇదే జబ్బు, ప్రకృతి అంటే బాణాలు గీసిన గుండ్రటి బొమ్మ. నాణెం 200 సార్లు ఎగరేసి, బొమ్మకు ఒకటి కలిపి, బొరుసుకు ఒకటి తీసేసి గ్రాఫు గీయమని ఏ టీచరూ చెప్పగా నేను చూడలేదు.

హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో నీటి వేడి, క్లోరోఫిల్ చూసి చేపలు గుమిగూడే చోట్లను మత్స్యకారులకు చెప్తుంది. చాలా పనికొచ్చే సేవ. కానీ అది ఉన్న చేప ఎక్కడుందో చెప్పేది, మొత్తం ఎంత మిగిలిందో చెప్పేది కాదు. దానికి దశాబ్దాల పాటు రేవుల్లో బుట్టలు లెక్కపెట్టిన ఓపిక కావాలి.

ఇక భూతాపం సంగతి. అది యాదృచ్ఛికం కాదు, రోజూ ధర పెరుగుతున్న సరుకు. పశ్చిమ హిందూ మహాసముద్రం 1901-2012 మధ్య వేసవుల్లో సుమారు 1.2 డిగ్రీలు వేడెక్కిందని పుణె శాస్త్రవేత్తలు తేల్చారు. పైన వేడి నీరు కింది చల్లటి, పోషకాలున్న నీటితో కలవడం తగ్గుతుంది, నాచు లాంటి సూక్ష్మజీవులకు ఆహారం అందదు. యాదృచ్ఛిక గాలి అయితే ఒకనాటికి అటు నుంచి ఇటు తిరుగుతుంది, రెండు పుస్తకాలూ కొంత తీరతాయి. ఒకే వైపు పేరుకునే వేడిని రెండుసార్లు కూడితే చేపల సంఖ్య ఎక్కడ ఆగుతుందో శాంటా బార్బరా పొరలు చూసి చెప్పలేం, ఆ పొలుసుల లెక్క ఇలాంటి వేడి మొదలవకముందుది.