ఫోటోలో మీ వెనకున్న ఎర్ర గోడ

పిల్లలూ,

మీరు గోవా నుంచి పంపిన ఫోటోలన్నీ చూశాను. పాత గోవాలో బోం జీసస్ చర్చి ముందు వరసగా నిలబడి దిగింది చాలా బాగుంది. "తాతయ్యా, ఆ ఎర్ర గోడలు భలే ఉన్నాయి" అని రాశారు కదా, ఈ ఉత్తరం దాని గురించే. కట్టినవాళ్ళు ఆ ఎరుపు బయటికి కనబడాలని అనుకోలేదమ్మా.

ఆ చర్చిని జెస్యూట్లనే క్రైస్తవ సంఘం ఫాదర్లు 1594లో మొదలుపెట్టి 1605కల్లా కట్టేశారు. ముందువైపు చెక్కడాలకి ముంబై దగ్గరి వసయి నుంచి నల్లరాయి తెప్పించారు గానీ గోడలకి మాత్రం అక్కడే దొరికే లాటరైట్ అనే ఎర్రరాయి వాడారు. ఆ రాయి భూమిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది, కానీ ఒళ్ళంతా తేనెపట్టులా చిల్లులే, వాన పడితే నీళ్ళు తాగేస్తుంది. అందుకే పైన సున్నపు గచ్చు పూశారు, మన పాత మండువా ఇళ్ళకి గానుగ సున్నం పూసేవాళ్ళు కదా, అలాగన్నమాట. అలా మూడు వందల ఏళ్ళకి పైగా ఉన్న గచ్చుని 1950ల మొదట్లో, ఇంకా పోర్చుగీసు పాలనలోనే, రాయి కనబడితే పాతకాలపు అందం వస్తుందని గీకించేశారు.

గోవాలో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదంతా ఇప్పుడు నేరుగా రాయి మీదే. నేను వెళ్ళినప్పుడు గోడ మీద చెయ్యి పెడితే వేళ్ళకి జేగురులాంటి పొడి అంటింది, ఆ రోజంతా మనసు బాగోలేదు. మళ్ళీ గచ్చు పూయించమని 2020లో చర్చి ఫాదరే బహిరంగంగా అడిగారు. నాదీ అదే మాట.

లోపల జెస్యూట్ సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉన్న వెండి పేటిక చూశారా? ఆయన 1552లో చైనా తీరంలో పోయారు. ఆ పేటిక 1637లో గోవా కంసాలులే చేశారు! దాని కింద పాలరాతి పీఠం ఇటలీలోని ఫ్లారెన్స్ ప్రభువు పంపింది, చెక్కడానికి పదేళ్ళు పట్టింది, ఓడలో వచ్చి 1698లో ఇక్కడ కుదురుకుంది.

రోడ్డుకి అవతల సే కేథడ్రల్ అనే ఇంకో చర్చి ఉంది, అదీ లాటరైటే, కానీ గచ్చుతో తెల్లగా ఉంటుంది. ఈసారి వెళ్తే ముందు అది చూసి ఇటు రండి. బోం జీసస్ గోడ దగ్గరికి వెళ్ళి, రాళ్ళ అంచులు ఎలా అరిగిపోయాయో చిన్నోడి చేత ఫోటో తీయించి నాకు పంపండి.

మీ తాతయ్య