వెన్నుపూసకు సిమెంటు వేశాక పక్క పూస ఎందుకు విరుగుతుంది?

1984లో ఫ్రాన్స్‌లో గాలిబేర్, దెరామాన్ అనే వైద్యులు ఒక రోగి మెడ వెన్నుపూసలోకి సూదితో బోన్ సిమెంటు ఎక్కించారు. ఆ పూసను తొలిచేసింది ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) కాదు, రక్తనాళాల గడ్డ. 1987లో ఆ వివరాలు అచ్చయ్యాక, ఎముకలు గుల్లబారి కుంగిపోయిన పూసలకూ ఇదే వైద్యం మొదలైంది. అదే వెర్టిబ్రోప్లాస్టీ. 1990ల చివర్లో కైఫోప్లాస్టీ వచ్చింది. ఇందులో ముందు పూస లోపల బెలూన్ ఉబ్బించి, ఆ ఖాళీలో సిమెంటు నింపుతారు.

నొప్పి తగ్గిందని సంతోషపడిన వాళ్లలో కొందరు మళ్లీ నడుం పట్టుకుని రావడంతో అనుమానాలు పుట్టాయి. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో 177 మందిలో 22 మందికి కొత్త ఫ్రాక్చర్లు కనిపించాయి. మొత్తం 36 ఫ్రాక్చర్లలో 24 సిమెంటు వేసిన పూస పక్కనే ఉన్నాయి. మూడింట రెండు వంతులు మొదటి 30 రోజుల్లోనే బయటపడ్డాయి. వేళ్లన్నీ సిమెంటు వైపే చూపించాయి. గట్టిపడిన పూస బరువును మెత్తటి పక్క పూస మీదికి నెడుతుందన్నారు. సిమెంటు డిస్కులోకి, అంటే రెండు పూసల మధ్య ఉండే మెత్తటి దిండులోకి కారితే ముప్పు ఇంకా పెరుగుతుందని 2004లో మరో అధ్యయనం చెప్పింది.

అయితే ఆపరేషనే చేయించుకోకపోతే ఏమయ్యేది? దీనికి జవాబు 2001లోనే వచ్చింది. ఒక పూస విరిగిన మహిళల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏడాదిలోపే ఇంకో పూస విరుగుతోందని తేలింది. వాళ్లకు ఏ సిమెంటూ వేయలేదు. 2010లో వెర్టోస్-2 అనే ట్రయల్ 202 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకే సిమెంటు వేసి చూస్తే, సిమెంటు వేసిన వాళ్లలో కొత్త ఫ్రాక్చర్లు ఎక్కువేమీ లేవు. డిస్కులోకి కారడం గురించిన భయం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

అసలు నొప్పికైనా ఇది పనిచేస్తుందా అన్న గొడవ వేరే ఉంది. 2009లో రెండు ట్రయల్స్‌లో, సిమెంటు వేయకుండా వేసినట్టే చేసిన ఉత్తుత్తి చికిత్సతో పోల్చితే తేడా కనిపించలేదు.

ఈ వాదనలన్నిటి మధ్యా మందుల సంగతి మరుగున పడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. సిమెంటు ఒక్క పూసను నిలబెడుతుంది. జబ్బు ఉన్నది అన్ని పూసల్లోనూ. ఎముక అరగడాన్ని తగ్గించే అలెండ్రోనేట్ 1990ల నుంచే ఉంది, ఎముకను కొత్తగా కట్టే టెరిపారటైడ్‌కు అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ మూడేళ్లలో వెన్నుపూస ఫ్రాక్చర్లను 70 శాతం తగ్గిస్తుందని 2007లో రుజువైంది. అయినా ఎంతోమంది ఈ మందులేవీ మొదలుపెట్టకుండానే ఆపరేషన్ తర్వాత ఇంటికి వెళ్లిపోతున్నారు.

మొదలుపెట్టిన మందు ఆపడంలోనూ ప్రమాదం ఉంది. ఇదే జబ్బుకు ఆరు నెలలకోసారి తీసుకునే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌ను మధ్యలో మానేసి, బదులుగా వేరే మందు వాడకపోతే, కొద్ది నెలల్లోనే ఒకేసారి రెండు మూడు పూసలు విరిగిన కేసులున్నాయి. అలాంటప్పుడు విరిగిన పూసలకు సిమెంటు వేస్తే, ఆ వెంటనే మరికొన్ని పూసలు విరిగినట్టు కూడా వైద్యులు నమోదు చేశారు.