మందు ఉన్నది ఆకులోనా, వేరులోనా, చేవలోనా?

శేషాచలం కొండల మూలికల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఏ మొక్క ఏ జబ్బుకు పనిచేస్తుందన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ఆ మొక్కలో మందు ఏ భాగంలో ఉంటుందని అడిగేవారు తక్కువ. నిజానికి ఈ రెండో ప్రశ్నే పెద్దదని నా అభిప్రాయం. మందు ఆకులో ఉంటే కోసుకోవచ్చు, మొక్క మళ్లీ చిగురిస్తుంది. వేరులో ఉంటే తవ్వాలి. చేవలో, అంటే చెట్టు నడిమి గట్టి కట్టెలో, ఉంటే చెట్టునే నరకాలి. తిరుపతి చుట్టుపక్కల తరతరాలుగా వాడుతున్న మూలికల్లో కొన్ని నేటికీ ఇంటి పెరట్లో దొరుకుతుండగా మరికొన్ని అడవిలో కూడా కనబడకుండా పోతున్నాయంటే, దానికి ప్రధాన కారణం ఈ తేడాయే.

మొక్క మన జబ్బుల కోసం మందు తయారుచేసుకోదు. కదలలేని ప్రాణి కాబట్టి, తనను మేసే పశువునుంచి, తొలిచే పురుగునుంచి, కుళ్లబెట్టే బూజునుంచి కాపాడుకోవడానికి చేదు, వగరు, ఘాటు, విషం వంటి రసాయనాలను సమకూర్చుకుంటుంది. వాటిని ప్రమాదం ఎక్కువున్న చోట, పోగొట్టుకుంటే నష్టం ఎక్కువైన చోట దాచుకుంటుంది. లేత ఆకులో చేదు ఉండేది అందుకే, ఏళ్ల తరబడి మట్టిలో నిలవాల్సిన దుంపకు ఘాటైన వాసన ఉండేదీ అందుకే. పురుగుకు హాని చేసే పదార్థమే తగిన మోతాదులో మన శరీరంలో మరో పని చేయవచ్చు, మోతాదు మించితే మనకూ హాని చేయవచ్చు. "ఆకు పసరే కదా, ఏం చేస్తుందిలే" అన్న మాటకు అందువల్ల ఆధారం లేదు.

ఆకు మందుల్లో మొదట చెప్పుకోవలసినది నేలవేము. వానలు పడ్డాక ఈ ప్రాంతమంతటా మొలిచే ఈ చిన్న మొక్క చేదు, నాలుక మీద ఒక ఆకు పెట్టుకున్నవారికి చాలాసేపటిదాకా వదలదు. ఆ చేదుకు కారణమైన ఆండ్రోగ్రాఫొలైడ్ కాండంలో కంటే ఆకుల్లో ఎక్కువగా ఉంటుంది, పూత మొదలయ్యే దశలో బాగా చేరుతుంది. ఆ అదను చూసి కోయాలన్న పాత వైద్యుల పద్ధతికీ ప్రయోగశాల ఫలితానికీ ఇక్కడ పొత్తు కుదిరింది. జ్వరాలకు నేలవేము కషాయం చిత్తూరు జిల్లాలో పాత అలవాటు, సరిహద్దు దాటి తమిళనాడుకు వెళితే దీన్నే మరికొన్ని దినుసులతో కలిపి సిద్ధ వైద్యులు ఇస్తారు. వాపును, జ్వరాన్ని తగ్గించే గుణం దీనికి ఉన్నదనడానికి ప్రయోగశాల ఆధారాలు ఉన్నాయి. అయితే డెంగీ వచ్చిన మనిషికి కషాయం తాగించి రక్తపరీక్ష మానుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది, ఎందుకంటే ఆ జబ్బులో జ్వరం తగ్గిన తర్వాతే అసలు ప్రమాదం మొదలు కావచ్చు.

నేల ఉసిరి కథ మరింత వివరంగా తెలుసుకోదగినది. కామెర్లకు పసరు మందు ఇచ్చే ఊళ్లలో చాలాచోట్ల వాడేది ఇదే. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్నందుకు నోబెల్ పొందిన బ్లంబర్గ్‌తో కలిసి, లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ వైరస్‌ను మోస్తున్నవారికి నెల రోజులపాటు నేల ఉసిరి పొడి ఇవ్వగా, 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఉనికికి గుర్తైన దాని ఉపరితల యాంటిజెన్ కనబడకుండా పోయింది. మందు లేని ఉత్త గుళికలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచం ఒక్కసారిగా ఈ కలుపు మొక్క వైపు తిరిగింది. కానీ ఆ తర్వాత ఇతర చోట్ల జరిపిన పరీక్షల్లో అంతటి ఫలితం మళ్లీ రాలేదు.

మరి ఊళ్లో పసరు తాగినవారికి కామెర్లు తగ్గడం అబద్ధమా? కాదు, తగ్గుతున్నాయి. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గే జబ్బు. విశ్రాంతి, పథ్యం, నూనె లేని తిండి, మద్యం మానడం, వీటన్నిటితోపాటు పసరు కూడా ఆ వారాల్లోనే పడుతుంది, పేరు దానికి వస్తుంది. పిత్తాశయంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినప్పుడు మాత్రం పసరు కోసం గడిపిన ప్రతి వారమూ రోగికి నష్టమే. కామెర్లన్నీ ఒకే జబ్బు కావు. ఏ కారణంతో వచ్చాయో తెలుసుకున్నాకే ఏ మందైనా.

కాండం సంగతికి వస్తే నల్లేరు ఉంది. పుత్తూరు అనగానే ఎముకల కట్టు గుర్తుకు రావడం ఈ ప్రాంతంవారికే కాదు, పొరుగు రాష్ట్రాలవారికీ సహజం. ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ కట్లతో చేసే ఆ వైద్యంలో విరిగిన ఎముకను కదలకుండా నిలబెట్టడమన్నది ముఖ్యమైన అంశం, ఆధునిక వైద్యమూ ముందుగా చేసేది అదే. ఎముకలకు మంచిదన్న పేరు వంటింటి దాకా వచ్చినది మాత్రం నల్లేరుకే. లేత కణుపుల మధ్య భాగాన్ని తుంచి, అంచుల నార తీసి, చేతులకు నూనె రాసుకుని ముక్కలు చేసి, నూనెలో బాగా మగ్గించి చింతపండుతో కలిపి పచ్చడి నూరుతారు. నూనె రాసుకోకపోతే చేతులు, సరిగా మగ్గకపోతే గొంతు దురదపెడతాయి. ఆ కాండంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండటమే అందుకు కారణం. 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ అనే పరిశోధకులు నల్లేరు ఇచ్చిన జంతువుల్లో విరిగిన ఎముక త్వరగా అతుక్కుంటున్నదని చూపారు. నల్లేరుతో మరో సౌకర్యం, ఒక కణుపు తుంచి కంచె మీద పడేసినా పాకుతుంది. ఎంత వాడినా దానికి కొరత రాదు.

వేరు దగ్గరకు వచ్చేసరికి ఈ సౌకర్యం పోతుంది. సర్పగంధి దీనికి దేశమంతటికీ తెలిసిన ఉదాహరణ. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ దాని వేరు రక్తపోటును తగ్గిస్తున్నదని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక, 1952లో స్విట్జర్లాండులో దాని నుంచి రెసర్పిన్ అనే మందు పదార్థాన్ని విడదీశాక, అడవుల్లోని సర్పగంధిని వ్యాపారులు పెళ్లగించారు. మందు పనిచేస్తుందని రుజువు కావడమే మొక్కకు ముప్పయింది.

మన కొండల్లో ఆ ముప్పు నన్నారికి వచ్చింది. రాయలసీమ ఎండల్లో నన్నారి షర్బత్తు తాగని మనిషి ఉండడు. నిమ్మరసం, నానిన సబ్జా గింజలు, సోడా, అడుగున ఎర్రటి పాకం. ఆ వాసన మాత్రం రెండు వేరు వేరు మొక్కల నుంచి రావచ్చు. ఒకటి సుగంధిపాల, సన్నటి తీగ, ఆకు నడుమ తెల్లని చార, వేరు తీగలా సన్నగా ముదురు గోధుమ రంగులో ఉంటుంది. రెండోది రాళ్ల సందుల్లో పెరిగే మారేడు గడ్డల తీగ, శాస్త్రీయంగా డెకాలెపిస్ హామిల్టోని. ఆకు తుంచితే పాలు కారుతాయి. తీగ మొదలు దగ్గర గుత్తిగా దిగిన దుంపలు మనిషి వేళ్ల నుంచి మణికట్టంత లావు దాకా ఉంటాయి. పాకం పెద్ద ఎత్తున తీయాలంటే ఈ దుంపే ఎక్కువ గిట్టుతుంది.

దుంపను అడ్డంగా కోస్తే మధ్యలో కట్టెలాంటి ఈనె, దాని చుట్టూ తెల్లటి కండ కనిపిస్తాయి. కండను దంచి, ఈనెను తీసి పారేస్తారు, ఎందుకంటే వాసనంతా కండలోనే ఉంటుంది. ఆ వాసన ప్రధానంగా ఒకే పదార్థానిది, 2-హైడ్రాక్సీ-4-మీథాక్సీ బెంజాల్డిహైడ్. ఐస్‌క్రీములో వేసే వెనిలిన్‌లో ఎన్ని కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులున్నాయో ఇందులోనూ అన్నే ఉన్నాయి, అమరిక మాత్రమే వేరు. శుద్ధిచేస్తే తెల్లటి స్ఫటికాలుగా దొరికే ఈ పదార్థం 41 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరుగుతుంది, అంటే తిరుపతిలో రోహిణీ కార్తె మధ్యాహ్నపు ఎండ చాలు. ఆవిరితోపాటు తేలిగ్గా ఎగిరిపోతుంది కూడా. అందుకే చేయి తిరిగినవారు వేరును గంటల తరబడి మరిగించరు. దంచిన కండను నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని చక్కెర పాకంలో చివరన కలుపుతారు. మరగబెడితే వీధంతా ఘుమఘుమలాడుతుంది గాని సీసాలో వాసన మిగలదు.

ఇదే పదార్థం బాక్టీరియాను, బూజును అణచగలదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ వేరు సారం నిల్వ ధాన్యానికి పట్టే పురుగులను చంపుతుందని చూపారు. ఎండిన దుంపలు పురుగు పట్టకుండా చాలాకాలం నిలవడానికి కారణం అర్థమవుతుంది. ఆకలి పుట్టిస్తుందని, ఒంట్లో వేడి తగ్గిస్తుందని, రక్తాన్ని శుద్ధి చేస్తుందని సంప్రదాయం చెబుతుంది. ఎండలో తిరిగి వచ్చినవారికి షర్బత్తు ఇచ్చే సేదలో నీటికి, నిమ్మరసానికి పెద్ద భాగమే ఉందని, చక్కెర జబ్బున్నవారికి మాత్రం ఆ పాకం మేలు చేయదని నేను చెప్పగలను.

ఒక్క సీసా వెనుక ఒక తీగ ప్రాణం ఉండవచ్చు. గునపంతో రాళ్లు కదిలించి దుంపలు తీసే యానాదులకు, కొన్ని దుంపలు మట్టిలో వదిలి పూడిస్తే తీగ మళ్లీ చిగురిస్తుందని బాగా తెలుసు. కిలోకు ఇంత అని రేటు కట్టి త్వరపెట్టే దళారీ వచ్చాక ఆ ఓపికకు చోటు తగ్గింది. తవ్వినవారిని నిందించడం న్యాయం కాదు, వారి చేతికి వచ్చేది షర్బత్తు ధరలో అతి చిన్న వాటా.

చేవలోని మందుది వేరు కంటే కఠినమైన లెక్క. చెట్టు లావెక్కేకొద్దీ నడిమి కణాలు చచ్చిపోతాయి, చచ్చేముందు తమలోని పిండి పదార్థాన్ని రంగు, వగరు ఉన్న ఫినాలిక్ పదార్థాలుగా మార్చుకుంటాయి. చెదలుకు లొంగని చేవ అలా తయారవుతుంది, దానికి దశాబ్దాలు పడుతుంది. చక్కెర జబ్బుకని వాడే వేగిస చెక్క గ్లాసు మందు అటువంటి చేవదే. రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి అవి తేనీటి రంగుకు వస్తాయి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి పక్క నుంచి చూస్తే అంచున నీలి మెరుపు కనిపిస్తుంది. చెక్కలోంచి నీటిలోకి దిగిన పదార్థాలు కంటికి కనబడని కాంతిని పీల్చుకుని నీలి కాంతిగా విడుస్తున్నాయన్నమాట. కొన్ని వారాలు వాడాక నీళ్లు రంగు మారవు. పైపొరలోని సారం అయిపోయిన ఆ గ్లాసు ఇక మామూలు చెక్క గ్లాసే.

ఈ చెట్టును భారత వైద్య పరిశోధన మండలి తీవ్రంగానే పరిశీలించింది. కొత్తగా మధుమేహం బయటపడిన 97 మందికి రోజుకు 2 నుంచి 4 గ్రాముల సారం ఇవ్వగా, 12 వారాలకు 67 మందిలో రక్తంలో చక్కెర అదుపులోకి వచ్చిందని 1998లో ప్రచురించింది. ఈ ఫలితాన్ని చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మందు తీసుకోని బృందంతో పోల్చి చూసిన పరీక్ష కాదు అది. పైగా అక్కడ ఇచ్చినది తూచిన సారం, గ్లాసులో దిగిన నీళ్లలో సారం ఎంతో ఎవరూ తూచరు. ఇప్పటికే మాత్రలు వేసుకుంటున్నవారు డాక్టరుకు చెప్పకుండా ఈ నీళ్లు కూడా తాగితే చక్కెర అవసరానికి మించి పడిపోయే ప్రమాదం ఉంది.

వేగిసకు దగ్గరి బంధువైన ఎర్రచందనానికి రంగునిచ్చే శాంటాలిన్లు అనే పదార్థాలు నీటిలో దాదాపు కరగవు, సారాయిలో బాగా కరుగుతాయి. వాపుల మీద, మొటిమల మీద గంధంగా అరగదీసి పూయడమే ఈ చెక్క పాత వాడుక. అరగదీసుకునే వేలెడు ముక్కకోసం ఏ అడవీ తరగలేదు, దుంగల స్మగ్లింగు వల్ల తరుగుతోంది. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం, ముప్పులో ఉన్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అనే దేశాల ఒప్పందం రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది.

అదే ఒప్పందం మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కట్టుదిట్టమైన జాబితాలో, తిరుమల కొండల పేరీత ఉంది. ఈతచెట్టులా కనిపించే ఈ సైకాస్ జాతి మొక్క సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కలే. ఇందులో మగ, ఆడ మొక్కలు విడివిడిగా ఉంటాయి. బలానికి, వీర్యవృద్ధికి అని చెప్పి అమ్మేది మగ మొక్క కంకిని. కంకి కోసినందువల్ల ఆ మొక్క చావదు కాబట్టి నష్టం లేదనిపిస్తుంది. పుప్పొడి ఉండేది ఆ కంకిలోనే, అది పుప్పొడి రాలకముందే సంచిలోకి చేరితే చుట్టుపక్కల ఆడ మొక్కలకు పనికొచ్చే గింజలు కట్టవు. సైకాస్‌లలో సైకాసిన్ అనే విషపదార్థం ఉంటుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కొన్నవారికి బలం వస్తుందనడానికి రుజువు లేదు. 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో మూలికలు ఏరడం నిషిద్ధం, అయినా కొనేవారున్నంతకాలం కంకులు కొండ దిగుతూనే ఉంటాయి. నేలవేమును ఒక్క పంటకాలంలో మడిలో పండించుకోవచ్చు, నన్నారి దుంపకు కొన్నేళ్లు ఆగి తోటగా వేయవచ్చు. పేరీత మాత్రం విత్తనం నుంచి కంకి దాకా చాలా నెమ్మదిగా ఎదిగే మొక్క, దాన్ని పెంచి మందుల అంగడికి అందించే మార్గం లేదు, కంకిని కొనకపోవడమొక్కటే ఉంది.