కిమోనో కట్టుకుని ఫొటో దిగేముందు: నేను రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

నేను క్యోటోలో కిమోనోలు కడతాను. హిగషియామాలో, కియోమిజు గుడికి ఎక్కే దారికి దగ్గర్లో, టూరిస్టులకు రోజు అద్దెకు కిమోనోలు ఇచ్చే చిన్న షాపులో ఆరేళ్లుగా ఇదే నా పని. ఇలా కట్టే విద్యను ఇక్కడ కిత్సుకె అంటారు. మాది పెడన. మావారి ఉద్యోగం వల్ల జపాన్ వచ్చాను. ఇంట్లో ఊరికే కూర్చోబుద్ధి కాక కిత్సుకె క్లాసులకు వెళ్లాను, అదే బతుకుతెరువు అయింది.

ఈ మధ్య మన తెలుగువాళ్లు బాగా వస్తున్నారు. రాగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఈ వేషం వెయ్యడానికి ఎంతసేపు పడుతుందమ్మా?" అని. నేను ప్రతిసారీ అదే చెబుతాను: ఇది వేషం కాదండీ, బట్ట. జపాన్ భాషలో కిమోనో అన్న మాటకు అర్థమే ఒంటి మీద వేసుకునేది అని. కింద రాసిన అపోహల్లో చాలా వరకు దీన్ని వేషం అనుకోవడం వల్ల వచ్చినవే.

అపోహ: ఎడమ పైన ఉన్నా, కుడి పైన ఉన్నా ఒకటే. ఫొటోలో ఎవరు చూస్తారు?

వాస్తవం: అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. కట్టుకున్న మనిషికి ఎడమచేతి వైపు ఉన్న భాగం ఎప్పుడూ పైన రావాలి. ఆడవాళ్లయినా, మగవాళ్లయినా, పిల్లలయినా, కిమోనో అయినా, వేసవిలో కట్టే పలచటి యుకాటా అయినా మార్పు లేదు. కుడి భాగం పైకి వచ్చేలా కట్టేది చనిపోయినవాళ్లకు మాత్రమే. అందరూ ఎడమ భాగమే పైకి వేసుకోవాలని 719లోనే ఇక్కడ శాసనం చేశారు. అంటే పదమూడు వందల ఏళ్లుగా ఉన్న అలవాటు. మన ఇళ్లలో శవానికి చేసే ఏర్పాట్లు బతికున్న మనిషికి చేస్తే చూసేవాళ్ల మనసు ఎలా కలుక్కుమంటుందో, వీళ్లకూ అంతే.

రెండేళ్ల కిందట విజయవాడ నుంచి వచ్చిన ఒకమ్మాయికి లేత ఆకుపచ్చ కిమోనో కట్టాను. "ఎదుటివాళ్లకు మెడ దగ్గర ఇంగ్లీషు చిన్న వై అక్షరంలా కనిపించాలి, అదే గుర్తు" అని చెప్పి పంపాను. ఆ అమ్మాయి బయటికెళ్లి సెల్ఫీ తీసుకుంది. సెల్ఫీలో కుడి ఎడమలు తారుమారై వై అక్షరం తిరగబడింది. మేము తప్పు కట్టామనుకుని బాత్రూములో ఓబి, అంటే నడుముకు చుట్టే వెడల్పాటి పట్టీ, వదులు చేసి, మెడ పట్టీలు మార్చేసుకుంది. నిన్నెన్‌జాకా మెట్ల దగ్గర డెబ్బై దాటిన ఒక జపాన్ పెద్దావిడ ఆమెను ఆపి, చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి, ఒక్క మాట మాట్లాడకుండా మొత్తం సరిచేసి, రెండు భుజాలూ తట్టి పంపించిందట. సాయంత్రం కిమోనో తిరిగిచ్చేటప్పుడు ఆ సంగతి చెబుతుంటే అమ్మాయి గొంతు పూడుకుపోయింది.

అప్పటి నుంచి నేను వై అక్షరం మాట ఎత్తడం మానేశాను. "మీ కుడిచేయి గుండెల దగ్గర మడతలోకి సులువుగా దూరిందా? అయితే సరిగ్గా ఉన్నట్టే" అని చెబుతున్నాను. ఈ గుర్తుకు అద్దంతోనూ కెమెరాతోనూ పని లేదు.

అపోహ: చీర కట్టేవాళ్లకు కిమోనో ఒక లెక్కా? మేమే కట్టేసుకుంటాం.

వాస్తవం: ఈ మాట అన్నవాళ్లంటే నాకు ఇష్టం, ఎందుకంటే సగం నిజమే. రెండూ బట్టను కోసి పారేయకుండా, ఒంటికి తగ్గట్టు మడిచి కట్టుకునేవే. మన చీర అయిదున్నర మీటర్లు. కిమోనో బట్ట దాదాపు పన్నెండు మీటర్ల పొడవు, అడుగుంబావు వెడల్పుతో చుట్టగా వస్తుంది. దాన్ని తిన్నని గీతల్లోనే కత్తిరిస్తారు, ఎక్కడా వంపు ఉండదు. అందుకే పాత పట్టు కిమోనోను కుట్లు విప్పి, ముక్కల్ని మళ్లీ వరసగా కలిపి, ఒకే బట్టలా ఉతికి ఆరేసి, కొత్తగా కుట్టించుకోవచ్చు. అమ్మమ్మ పట్టుచీరను మనవరాలికి పరికిణీ కుట్టించే మనకు ఆ ఆలోచన కొత్తేం కాదు.

తేడా నడుము దగ్గర వస్తుంది. చీరలో నడుము వంపు కనిపించాలి. కిమోనోలో ఆ వంపు మాయం కావాలి. మెడ కింద నుంచి తుంటి దాకా ఒక స్తంభంలా నిటారుగా ఉంటేనే ఓబి ముడతలు పడకుండా నిలుస్తుంది. అందుకని ముందు నడుము చుట్టూ రెండు మూడు తువ్వాళ్లు మడిచి కడతాను. సన్నగా ఉన్నవాళ్లకు ఇంకొకటి ఎక్కువ. "నన్ను లావుగా చూపిస్తున్నావేంటక్కా?" అని అమ్మాయిలు దిగులు పడతారు. ఓబి చుట్టడం పూర్తయి అద్దం ముందు నిలబెట్టాక ఇక ఆ ప్రశ్న రాదు.

ఆడవాళ్ల కిమోనో పొడవు మనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. భుజాల మీద వేసుకుంటే కాళ్ల కింద ఈడుస్తుంది. ఎక్కువైన బట్టను నడుము దగ్గర పైకి లాగి, కోషిహిమో అనే మెత్తటి తాడుతో కట్టి, మిగిలింది దాని మీదికి వాల్చాలి. ఆ మడతను ఒహషోరి అంటారు. ఓబి కింద నుంచి నాలుగు వేళ్ల వెడల్పున తిన్నగా కనిపించాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు అందరికంటే ఎక్కువ తంటాలు పడేది ఇక్కడే. నాకే దీని మీద చేయి కుదరడానికి మూడు నెలలు పట్టింది.

ఇంకో సంగతి. మన ఆడవాళ్లు బ్యాగులోంచి పిన్నీసులు తీస్తారు. వద్దండీ. కిమోనోకు పిన్నీసు పెట్టం, అంతా తాళ్లూ ముళ్లే. బట్టకు చిల్లు పడితే ఆ కిమోనో ఇంకొకరికి ఇవ్వలేం.

అపోహ: గట్టిగా బిగించి కడతారు, ఊపిరాడదు, ఏమీ తినలేం.

వాస్తవం: ఊపిరాడట్లేదంటే కట్టినవాళ్ల తప్పు, మీది కాదు. లంగా బొందు సరైన చోట కడితే చీర రోజంతా ఎలా నిలుస్తుందో, ఇక్కడ మొదటి కోషిహిమో అలాంటిది. తుంటి ఎముక పైన పడాలి, పొట్ట మీద కాదు. అది ఒక్కటీ గట్టిగా ఉంటే మిగతావన్నీ కాస్త సడలుగా కట్టొచ్చు. నేను ముడి వేసేముందు "ఊపిరి నిండుగా పీల్చండి" అంటాను, పీల్చి ఆపినప్పుడే ముడి వేస్తాను. అప్పుడు వదిలాక చోటు మిగులుతుంది.

నేను మొదట పనిచేసిన చోట పొద్దున్న తొమ్మిదింటికల్లా తలుపు దగ్గర క్యూ ఉండేది. మనిషికి పది నిమిషాలు. తువ్వాళ్లు లేవు, తాడు ఎక్కడ పడితే అక్కడ. ఒక జూలై మధ్యాహ్నం, ముప్పై ఆరు డిగ్రీల ఎండలో, ఏమీ తినకుండా వచ్చిన ఒకామె గంటలో కళ్లు తిరిగి వెనక్కి వచ్చింది. విప్పి చూస్తే పొట్ట మీద తాడు వాత తేలి ఉంది. నేను ఆ నెలాఖరుకు అక్కడ మానేశాను. అందుకే చెబుతున్నా: టిఫిన్ తిని రండి, నీళ్లు తాగండి, ఎక్కడైనా నొక్కుకుంటే కట్టేటప్పుడే చెప్పండి. మొహమాటం వద్దు. జపాన్‌లో కస్టమర్లు నోరు తెరిచి చెప్పరని కట్టేవాళ్లకు తెలుసు, మీరు చెబితే సంతోషంగా సరిచేస్తారు.

చెవిలో అడిగే ప్రశ్న కూడా ఇక్కడే రాసేస్తాను: బాత్రూముకు ఎలా వెళ్లాలి? ముందు పొడవాటి చేతుల్ని ఓబి మీది తాడులో దోపుకోండి. తర్వాత కిమోనో, లోపలి నగజుబాన్, దాని లోపలిది, ఒక్కొక్క పొరే అడుగు అంచు పట్టుకుని పైకెత్తి చేత్తో పట్టుకోండి. పనయ్యాక లోపలి పొర నుంచి వరసగా వదలండి. ఓబి విప్పాల్సిన పనే లేదు.

అపోహ: అద్దెకిచ్చేవన్నీ పట్టు కిమోనోలే.

మూడు నాలుగు వేల యెన్లకు రోజంతా ఇచ్చేవి చాలా వరకు పాలిస్టర్. ఇది మోసం కాదు, అవసరం. రోజూ ఒకరి తర్వాత ఒకరు కట్టుకునే బట్టను మిషన్‌లో ఉతకాలి. పట్టు కావాలంటే అడగండి, దానికి వేరే ధర ఉంటుంది. వేసవిలో ఇచ్చేది తరచుగా యుకాటా. అది పలచటి బట్ట, లోపల నగజుబాన్ ఉండదు, కాళ్లకు మేజోళ్లు ఉండవు. ఒకప్పుడు స్నానం తర్వాత వేసుకున్నది, ఇప్పుడు వేసవి తిరునాళ్లకు వేసుకుంటారు. ఫొటో కింద "కిమోనో" అని రాస్తే జపాన్ స్నేహితులు సున్నితంగా సరిదిద్దుతారు.

అపోహ: ముఖానికి తెల్లరంగు వేసుకున్న అమ్మాయి కనిపిస్తే గేషా. పరుగెత్తి ఫొటో తీసుకోవచ్చు.

వాస్తవం: పగటిపూట గుడి మెట్ల మీద నిలబడి తీరిగ్గా ఫొటోలకు నవ్వుతున్న తెల్లముఖం అమ్మాయి దాదాపు ఎప్పుడూ టూరిస్టే. క్యోటోలో మైకో అలంకారం చేసి ఫొటోలు తీసే స్టూడియోలు చాలా ఉన్నాయి. మైకో అంటే నాట్యం, సంగీతం నేర్చుకుంటున్న అమ్మాయి. నేర్చుకోవడం పూర్తయినవాళ్లను క్యోటోలో గేకో అంటారు, గేషా అన్న మాట ఇక్కడ తక్కువ. నిజమైన మైకో తల సొంత జుట్టుతో వేసిన ముడి, అది చెదరకుండా ఎత్తైన చిన్న దిండు మీద మెడ ఆనించి నిద్రపోతుంది. విగ్గు పెట్టుకునేది గేకో. మైకో మెడ పట్టీ ఎర్రది, గేకోది తెల్లది. వీపు వెనక మడమల దాకా వేలాడే పొడవాటి ఓబి మైకోదే. మొదటి ఏడాది మైకో కింది పెదవికి మాత్రమే రంగు వేసుకుంటుంది.

మైకో అలంకారం చేయించుకోవడంలో తప్పేమీ లేదు. చేయించుకునేవాళ్లకు నేనే మంచి స్టూడియోలు చెబుతాను. కాని సాయంత్రం ఆరింటి వేళ, మైకోలు, గేకోలు పనిచేసే గియోన్ పేట సందులో వేగంగా నడిచి వెళ్లే మైకో పనికి వెళ్తోంది. ఆమెకు అడ్డంగా నిలబడటం, చేయి పట్టుకుని లాగడం, కిమోనో చెరగు తాకడం, ఇవన్నీ ఇక్కడ జరిగాయి. అందుకే 2019లో గియోన్ ప్రైవేటు సందుల్లో ఫొటోలు తీస్తే పదివేల యెన్లు కట్టాలని బోర్డులు పెట్టారు, 2024లో కొన్ని సందుల్లోకి టూరిస్టుల్ని రానివ్వడమే మానేశారు. కిమోనో కట్టుకున్నంత మాత్రాన ఆ సందులు మనకు తెరుచుకోవు. మంచి ఫొటో కావాలంటే యాసకా గోపురం కనిపించే వీధిలో, తెల్లవారి ఏడింటికి రండి, మనుషులు ఉండరు, వెలుగు మెత్తగా ఉంటుంది.

అపోహ: పరాయివాళ్లు కట్టుకుంటే జపాన్ వాళ్లకు కోపం వస్తుంది.

వాస్తవం: ఈ భయంతో అద్దం ముందు కూడా తప్పు చేస్తున్నట్టు నిలబడేవాళ్లను చూశాను. 2015లో అమెరికాలో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో దీని మీద పెద్ద గొడవ అయింది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1876లో తన భార్యకు ఎర్రటి కిమోనో వేసి గీసిన బొమ్మ ముందు, అలాంటిదే ఒక కిమోనో పెట్టి సందర్శకుల్ని వేసుకుని ఫొటో దిగమన్నారు. ఆసియా మూలాలున్న అమెరికన్లు కొందరు నిరసన తెలిపారు, మ్యూజియం వేసుకోనివ్వడం ఆపేసింది. మళ్లీ దానికి ఎదురుగా జపాన్ వాళ్లు కొందరు కిమోనోలు కట్టుకుని వచ్చి, వేసుకోనివ్వండి అన్నారు. అంతకుముందు జపాన్‌లో ఆ బొమ్మ ప్రదర్శించినప్పుడు అదే కిమోనోను ఇక్కడి జనం సంతోషంగా వేసుకుని చూశారు.

నిరసన చేసినవాళ్ల బాధను నేను కొట్టిపారేయను. తన పోలికల్ని ఎగతాళి చేసిన ఊళ్లో పెరిగిన మనిషికి అది వేరేగా తగులుతుంది. కాని క్యోటోలో నా అనుభవం ఒకటే. సరిగ్గా కట్టుకుని మర్యాదగా నడిచే పరాయి మనిషిని చూసి ఇక్కడి పెద్దవాళ్ల ముఖం వికసిస్తుంది. క్యోటోలో పట్టు నేసే నిషిజిన్ పేట నేతగాళ్లు, అద్దకం పనివాళ్లు, మాలాంటి కట్టేవాళ్లు, అందరికీ కిమోనో కట్టుకునే మనిషి కావాలి. వాళ్లను నొప్పించేది కట్టుకోవడం కాదు. కత్తి దూసినట్టు, కళ్లు వేళ్లతో సాగదీసినట్టు పోజులివ్వడం, గుడి ముందు కిమోనో భుజం జార్చి ఫొటో దిగడం.

అపోహ: ఇదంతా ఇన్‌స్టాగ్రామ్ వచ్చాక పుట్టిన పిచ్చి. కాదు. యోకోహామా రేవు 1859లో విదేశీయులకు తెరిచాక అక్కడ ఫొటో స్టూడియోలు వెలిశాయి. 1880ల్లో కుసకాబె కిన్‌బెయ్ లాంటి ఫొటోగ్రాఫర్లు చేత్తో రంగులద్దిన ఫొటోలు అమ్మేవారు. ఓడ దిగిన పరదేశులు అప్పుడే కిమోనో కట్టుకుని స్టూడియోలో కూర్చున్నారు.

అపోహ: బొట్టు, నల్లపూసలు, గాజులు తీసేయాలి.

బొట్టు ఉంచుకోండి, నాకైతే చాలా బాగుంటుంది. కిమోనోతో నగలు పెద్దగా పెట్టుకోరు కాబట్టి నల్లపూసలు మెడ పట్టీ లోపలికి వేసేస్తాను, తీయమని ఎవరినీ అడగను. రాళ్ల గాజులు మాత్రం తీయండి, దారాలు లాగేస్తాయి. జడ పైకి చుట్టాలి, ఎందుకంటే కిమోనో వెనక మెడ దగ్గర పిడికిలి పట్టేంత ఖాళీ వదులుతాం, అందమంతా అక్కడే ఉంటుంది. జడ వేలాడితే అది కనిపించదు.

అపోహ: కిమోనోకూ మనకూ ఏ సంబంధమూ లేదు.

నేనూ అలాగే అనుకునేదాన్ని. తోజి గుడిలో ప్రతి నెల 21న పాత వస్తువుల సంత జరుగుతుంది. ఒకరోజు అక్కడ ఒక ఓబి చూసి కాళ్లు ఆగిపోయాయి. ఎర్రమట్టి రంగు, నల్లటి గీతల్లో తీగలు, పువ్వులు. మా నాన్న అద్దకం అచ్చులు పక్కనపెట్టి ఆరేసిన దుప్పట్లలాగే ఉంది. "ఇదేంటి?" అంటే అమ్మేవాడు "సరసా" అన్నాడు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు మన కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం లాంటి రేవుల నుంచి, అద్దకపు నూలు బట్టల్ని జపాన్‌కు తెచ్చేవారు. ఇక్కడివాళ్లు ఆ బట్టల్ని సరసా అని పిలిచి, చిన్న ముక్కను కూడా పారేయకుండా తేనీటి గిన్నెల సంచులకు, లోపలి జుబాన్‌లకు, ఓబిలకు వాడుకున్నారు. తర్వాత తామే అద్దడం నేర్చుకున్నారు. నేను చూసింది అలా జపాన్‌లో అద్దిన సరసా.

ఆ ఓబి కొన్నాను. పాతది, నూలు పలచబడింది, అందుకే అద్దెకు ఇవ్వం. షాపులో రెండో అరలో కాగితంలో చుట్టి ఉంటుంది. వచ్చినప్పుడు అడగండి, తీసి చూపిస్తాను, చేత్తో తాకి చూడొచ్చు.