2,029 గెలుపులు, ఒక్క టైటిలూ లేదు: మైక్ మార్టిన్ మీద పడిన నింద ఎప్పటిది?

అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో జూన్ వచ్చిందంటే ఒక పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అంత పెద్ద జట్టయ్యుండి జాతీయ టైటిల్ ఒక్కసారి కూడా ఎందుకు కొట్టలేదు? అడిగినవాళ్లు ఆ వెంటనే ఎత్తే పేరు మైక్ మార్టిన్. 1980 నుంచి 2019 దాకా ఆ జట్టుకి ఆయనే హెడ్ కోచ్, 40 సీజన్లు. 2,029 గెలుపులు, 736 ఓటములు, 4 టైలు. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1 బేస్‌బాల్‌లో అన్ని గెలిచిన కోచ్ ఇంకొకరు లేరు. ఒమాహాకి 17 సార్లు జట్టుని తీసుకెళ్లారు, 17 సార్లూ కప్పు లేకుండానే తిరిగొచ్చారు.

ఒమాహా అంటే నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక ఊరు. జాతీయ టైటిల్ తేల్చే కాలేజీ వరల్డ్ సిరీస్ 1950 నుంచి అక్కడే జరుగుతోంది, ఎనిమిది జట్లకే చోటు. కాలేజీ బేస్‌బాల్ ఆడే కుర్రాడికి అక్కడిదాకా వెళ్లడమే పెద్ద మాట. క్రికెట్లో దక్షిణాఫ్రికాని ఏళ్ల తరబడి చోకర్స్ అని ఎలా ఏడిపించారో, ఫ్లోరిడా స్టేట్‌ని కూడా అలాగే ఏడిపిస్తారు. తేడా ఏంటంటే ఇక్కడ ఆ ముద్ర జట్టు మీద కంటే ఒక మనిషి మీద ఎక్కువగా పడింది. కానీ పాత లెక్కలు తీసి చూస్తే ఈ దురదృష్టం ఆయనతో మొదలవలేదు, ఆయనతో పోనూ లేదు.

మార్టిన్ హెడ్ కోచ్ కాకముందే ఫ్లోరిడా స్టేట్ ఆరుసార్లు ఒమాహా వెళ్లింది: 1957, 1962, 1963, 1965, 1970, 1975. ఆరుసార్లూ ఉత్త చేతులే. వీటిలో 1970 ఫైనల్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. సదర్న్ కాలిఫోర్నియా జట్టుతో, మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో ముగిసే మ్యాచ్ 15 ఇన్నింగ్స్ సాగి 2-1తో చేజారింది. అవతలి జట్టు కోచ్ రాడ్ డెడో, మొత్తం 11 టైటిళ్లు కొట్టిన మనిషి. ట్రక్కుల రవాణా వ్యాపారం బాగా నడుస్తుండటంతో యూనివర్సిటీ దగ్గర నామమాత్రంగా ఏడాదికి ఒక్క డాలర్ జీతం తీసుకునేవారట! అలాంటి కోచ్ జట్టుతో 15 ఇన్నింగ్స్ సమానంగా పోరాడి ఒక్క పరుగు తేడాతో పోవడం చూస్తే, ఈ నింద ఎంత పాతదో తెలుస్తుంది. అప్పటికి మార్టిన్ కోచ్ కాదు కదా, ఆ జట్టు దరిదాపుల్లో కూడా లేరు.

ఆటగాడిగా మాత్రం ఆయన అప్పటికే ఒమాహా చూసొచ్చారు. 1944లో నార్త్ కరోలినాలో పుట్టి, వింగేట్‌లో చదివి, ఫ్లోరిడా స్టేట్‌కి వచ్చి 1965 జట్టులో అవుట్‌ఫీల్డర్‌గా ఆడారు. తర్వాత ప్రొఫెషనల్ ఆటలో కింది మెట్టైన మైనర్ లీగ్స్‌లో కొన్నాళ్లు ప్రయత్నించారు గానీ పైకి వెళ్లలేదు. కోచింగ్ వైపు వచ్చాక టాలహాసీ కమ్యూనిటీ కాలేజీలో చూసుకున్నది బాస్కెట్‌బాల్ జట్టుని (అవును, బాస్కెట్‌బాలే). 1975లో అప్పటి హెడ్ కోచ్ వుడీ వుడ్‌వర్డ్ దగ్గర అసిస్టెంట్‌గా ఫ్లోరిడా స్టేట్‌కి తిరిగొచ్చారు. వుడ్‌వర్డ్ వెళ్లిపోయాక 1979లో డిక్ హౌసర్ ఒక్క సీజన్ చేశారు. ఆయన్ని మేజర్ లీగ్ జట్టు న్యూయార్క్ యాంకీస్ మేనేజర్‌గా తీసుకెళ్లిపోవడంతో కుర్చీ ఖాళీ అయింది, అసిస్టెంటే హెడ్ కోచ్ అయ్యారు. హౌసర్ ఇంకొన్నాళ్లు ఉండిపోయుంటే ఈ కథే లేదు. ఇప్పుడు స్టేడియానికి హౌసర్ పేరు, లోపలి మైదానానికి మార్టిన్ పేరు.

మొదటి ఏడాదే, 1980లో, జట్టు ఒమాహా చేరింది. అక్కడి నుంచి 40 ఏళ్లలో ఒక్క ఏడు కూడా ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం) టోర్నమెంట్, అంటే ఒమాహాకి దారి తీసే టోర్నీ, తప్పలేదు, ఒక్క ఏడు కూడా 40 గెలుపులకి తగ్గలేదు. నన్నడిగితే 2,029 కంటే ఇదే పెద్ద విషయం, ఎందుకంటే కాలేజీ జట్టు అంటే ఎప్పుడూ ఖాళీ అవుతూ ఉండేదే. బాగా ఆడే కుర్రాణ్ని మూడో ఏడాది అయ్యేసరికి మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) పట్టుకుపోతారు, ఇంకొందరు హైస్కూల్ నుంచే నేరుగా వెళ్లిపోతారు, కాలేజీ గడపే తొక్కరు. స్కాలర్‌షిప్పులు చూస్తే ఫుట్‌బాల్‌కి 85 ఉన్న రోజుల్లో బేస్‌బాల్‌కి 11.7 ఉండేవి. 11.7 ఏంటి అనకండి, ఒక్కో స్కాలర్‌షిప్‌ని ముక్కలు చేసి కుర్రాళ్లకి తలా కొంచెం పంచేవాళ్లు, అందుకే ఆ దశాంశం. ఇలాంటి చోట నలభై ఏళ్లు ఒకే స్థాయిలో నిలబెట్టడం మామూలు సంగతి కాదు.

ఆయన చేతి కింద ఆడినవాళ్లు కూడా తక్కువవాళ్లు కారు. డియాన్ శాండర్స్, జె.డి. డ్రూ, టాంపా బే రేస్ మేనేజర్‌గా పేరు తెచ్చుకున్న కెవిన్ క్యాష్. బస్టర్ పోసీ షార్ట్‌స్టాప్‌గా (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) వస్తే ఇక్కడే క్యాచర్‌ని (వికెట్‌కీపర్ లాంటివాడు) చేశారు. ఆ కుర్రాడే తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో మూడు మేజర్ లీగ్ వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు. 2008లో సవానా స్టేట్‌తో ఒక మ్యాచ్‌లో పోసీ చేత తొమ్మిది పొజిషన్లలోనూ ఆడించారు, పిచింగ్‌తో సహా. అదే మ్యాచ్‌లో అతను గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకి నాలుగు పరుగులు) కూడా కొట్టాడు.

మరి కప్పు? దగ్గరికి వచ్చింది రెండుసార్లు. 1986 ఫైనల్లో అరిజోనా చేతిలో 10-2తో చిత్తుగా ఓడారు, దానికి సాకు చెప్పడానికేం లేదు. బాధ పెట్టేది 1999. ఆ ఏడు మార్షల్ మెక్‌డూగల్ అనే కుర్రాడు మేరీలాండ్ మీద ఒకే మ్యాచ్‌లో ఆరు హోమ్ రన్‌లు కొట్టి 16 పరుగులు చేయించాడు. ఒమాహాలో సెమీస్ దగ్గర స్టాన్‌ఫర్డ్‌తో 13 ఇన్నింగ్స్ ఆడి 14-11తో గెలిచి ఫైనల్ చేరారు. ఫైనల్లో ఎదురుగా సొంత రాష్ట్రం ప్రత్యర్థి మయామి. 6-5, ఒక్క పరుగు. టోర్నీలో ఉత్తమ ఆటగాడి అవార్డు మెక్‌డూగల్‌కే ఇచ్చారు, ఓడిన జట్టులో ఉన్నా సరే.

విమర్శకుల మాటలో బొత్తిగా పస లేదని అనను. మార్టిన్ జట్ల బ్యాటింగ్ అంటే ఓపిక. చెడ్డ బంతికి బ్యాట్ ఊపొద్దు, పిచర్ నాలుగు బంతులు గురి తప్పేదాకా ఆగు, ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్లిపో. యాభై అరవై మ్యాచ్‌ల సీజన్లో ఇది బంగారంలా పనిచేస్తుంది, ఎందుకంటే వారం మధ్యలో ఎదురయ్యే సగం మంది పిచర్లకి గురి అంతంత మాత్రమే. ఒమాహాలో వేసేవాళ్లు వేరు. అక్కడ ఆగితే స్ట్రైక్ పడుతుంది, మూడు పడితే ఔట్. ఇది నా అంచనా, లెక్క కట్టి నిరూపించలేను. పైగా ఎనిమిది జట్లలో ఒక మంచి పిచర్ ఒక మంచి రాత్రి దొరికితే చాలు, ఎవరి కథైనా ముగుస్తుంది.

ఆగీ గారిడో అనే కోచ్ పేరు కూడా ఇక్కడ రావాలి. కాల్ స్టేట్ ఫుల్లర్టన్‌తో మూడు, టెక్సస్‌తో రెండు, మొత్తం ఐదు టైటిళ్లు, 1,975 గెలుపులు. ఆయన 2018 మార్చిలో పోయారు. రెండు నెలలు తిరక్కుండానే మే నెలలో మార్టిన్ ఆ గెలుపుల రికార్డు దాటారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టిన ప్రతిసారీ మాట మళ్లీ టైటిళ్ల దగ్గరికే వస్తుంది, రాక తప్పదు కూడా.

2019 ఆఖరి సీజన్ అని ముందే ప్రకటించారు. మార్చిలో 2,000వ గెలుపు వచ్చింది గానీ జట్టు మాత్రం తడబడింది, టోర్నమెంట్‌లో చోటు దక్కుతుందా లేదా అని చివరిదాకా టెన్షన్. ఎలాగో చోటు దొరికితే, జార్జియా యూనివర్సిటీ ఊళ్లో రీజినల్ (టోర్నమెంట్ మొదటి దశ) గెలిచి, ఆ తర్వాతి సూపర్ రీజినల్ దశలో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) సొంత మైదానంలో వాళ్లని వరుసగా రెండు మ్యాచ్‌లు ఓడించి, 75 ఏళ్ల వయసులో ఒమాహాకి పదిహేడోసారి వచ్చారు. ఆర్కాన్సా మీద 1-0తో గెలిచారు. తర్వాత మిషిగన్ చేతిలో 2-0తో, టెక్సస్ టెక్ చేతిలో 4-1తో ఓడారు. అక్కడితో అయిపోయింది.

తర్వాతి భాగం అంత బాగుండదు. తండ్రి దగ్గర ఇరవై ఏళ్లకు పైగా అసిస్టెంట్‌గా చేసిన మైక్ మార్టిన్ జూనియర్‌కి పదవి ఇచ్చారు, మూడు సీజన్లకే తీసేశారు. వారసత్వం అన్నవాళ్లూ ఉన్నారు, కోవిడ్ ఏడాది తీసేస్తే అసలు అవకాశమే ఇవ్వలేదు అన్నవాళ్లూ ఉన్నారు. నేను రెండో పక్షమే. ఆయన స్థానంలో వచ్చిన లింక్ జారెట్ 1990లలో మార్టిన్ దగ్గర షార్ట్‌స్టాప్‌గా ఆడినవాడే. 2023లో జట్టు 23 గెలిచి 31 ఓడింది, 1978 నుంచి తప్పకుండా ఆడుతున్న టోర్నమెంట్ తప్పిపోయింది.

మార్టిన్ డిమెన్షియాతో 2024 ఫిబ్రవరి 1న, 79 ఏళ్ల వయసులో పోయారు. ఆ సీజనే జారెట్ జట్టు 49 మ్యాచ్‌లు గెలిచి ఒమాహా చేరింది, యూనివర్సిటీకి అది 24వ సారి. మొదటి మ్యాచ్‌లో టెనెసీ మీద ఆఖరి ఇన్నింగ్స్ దాకా ముందుండి 12-11తో ఓడారు, మళ్లీ అదే టెనెసీ చేతిలో ఓడి ఇంటికొచ్చారు. ఆ ఏడు కప్పు టెనెసీదే. 2025లో ఫ్లోరిడా స్టేట్ ఒమాహా దాకా కూడా వెళ్లలేదు, సూపర్ రీజినల్‌లో ఒరెగాన్ స్టేట్ ఆపేసింది.