అలమారా నిండితే లైబ్రరీ అయిపోదు: మోడల్ రైళ్లవాళ్ల అపోహలు - వాస్తవాలు

మోడల్ రైళ్లు కట్టేవాళ్లకి ఒకటి రెండేళ్లు గడిచేసరికి పుస్తకాల పిచ్చి పట్టుకుంటుంది. నాకూ పట్టింది. పాత పత్రికల కట్టలు, డ్రాయింగులు, ఫొటోలు, హార్డ్‌డిస్కు నిండా స్కాన్లు. ఇంత పోగేశాక కూడా ఒక సిగ్నల్ స్తంభం ఎత్తెంతో తేల్చుకోలేక ఓ ఆదివారమంతా వెతుక్కున్నాను. ఆ రోజు నుంచీ పోగెయ్యడం తగ్గించి, ఉన్నవాటిని సర్దడం మొదలుపెట్టాను.

అపోహ: ఎన్ని పుస్తకాలుంటే అంత మేలు.

ముందు ఏ రైల్వే, ఏ లైను, ఏ ఏళ్లు అన్నది తేల్చుకోండి. "ఆవిరి రోజులు" అంటే చాలదు. "ఫలానా బ్రాంచి లైను, 1955 నుంచి 1960 దాకా" అనుకోగలిగితే, కొందామనుకున్న పుస్తకాల్లో సగం అక్కర్లేదని మీకే తెలిసిపోతుంది. పైగా మార్కెట్లో దొరికేవాటిలో ఎక్కువభాగం ఇంజన్ల మీదే. ప్లాట్‌ఫారం అంచు, కంచె, టెలిగ్రాఫ్ స్తంభం, గూడ్స్ షెడ్డు తలుపు... లేఅవుట్ (పట్టాలు, స్టేషన్లు పేర్చి కట్టుకున్న మోడల్ రైలుమార్గం) మీద చోటంతా వీటిదే అయినా, వీటి గురించి రాసేవాళ్లు తక్కువ.

అపోహ: ఫొటో ఉంటే రంగు తెలిసినట్టే.

నన్ను బాగా ముంచింది ఇదే. ఒక పాత ఫొటో చూసి వ్యాగన్ చివరి పలకకి నల్లరంగు వేసి, మురిసిపోయి, పట్టాల మీద పెట్టాను. తర్వాత తెలిసింది, అది ఎరుపట. పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు ఆనదు, అందుకే అది దాదాపు నల్లగా పడుతుంది. నీలమేమో వెలిసిపోయి తెల్లగా కనిపిస్తుంది. ఎరుపుని కూడా పట్టే పాంక్రొమాటిక్ ఫిల్ము వాడకం పెరిగాక తీసిన ఫొటోల్లో ఈ తేడా తగ్గింది. అంటే ఫొటో ఏ కాలానిదో తెలియకుండా అందులోని బూడిదరంగుని నమ్మడానికి లేదు.

ఫ్యాక్టరీవాళ్లు తీయించిన ఫొటోలది ఇంకో తమాషా. బోల్టులు, అంచులు స్పష్టంగా పడాలని కొత్త ఇంజన్‌కి మెరుపులేని బూడిదరంగు పూసి ఫొటో తీసేవారు, ఆ తర్వాత అసలు రంగు వేసి పంపేవారు. ఆ బూడిదరంగే అసలు రంగనుకుని మోడల్‌కి వేసుకున్నవాళ్లు లేకపోలేదు. పోనీ కలర్ ఫొటోలు నయమా అంటే, వాటిలోనూ చాలా పాత ప్రింట్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబారతాయి. చీకట్లో దాచిన కొడాక్రోమ్ స్లైడ్లు మాత్రం చాలా నయం.

అపోహ: కంపెనీ డ్రాయింగ్ దొరికితే ఇంక తిరుగులేదు.

బండిని ఎలా కట్టాలనుకున్నారో డ్రాయింగ్ చెబుతుంది. ఆ బండి వర్క్‌షాపుకి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మారేది. ఆవిరి ఇంజన్లకైతే బాయిలర్లే ఒకదానివి ఇంకోదానికి బిగించేసేవారు. అందుకే తేదీ ఉన్న ఒక్క ఫొటో పక్కన లేకుండా నేను డ్రాయింగ్‌ని నమ్మను.

డ్రాయింగ్ ప్రింటు తీశాక కొలిచి చూడటం కూడా మర్చిపోవద్దు. 1:87 స్కేల్లో, అంటే హెచ్‌ఓలో, 10 మీటర్ల బండి దాదాపు 115 మి.మీ. రావాలి. 111 వచ్చిందంటే ప్రింటర్ పేజీకి సరిపెట్టడానికి కుదించేసిందని అర్థం. నిలువునా అడ్డంగా విడివిడిగా కొలవండి, కొన్ని జిరాక్సులు ఒక్క వైపే సాగుతాయి. బ్రిటిష్ ఓఓ స్కేల్లో కట్టేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. బండి 1:76.2, పట్టాల మధ్య దూరం మాత్రం హెచ్‌ఓ వాళ్ల 16.5 మి.మీ.నే. అసలు సైజుకి లెక్కేస్తే అది 1257 మి.మీ. అవుతుంది, అసలు పట్టాల దూరమేమో 1435 మి.మీ. డ్రాయింగులో పట్టాలు వెడల్పుగా కనిపిస్తే తప్పు ప్రింటర్‌ది కాదు.

అపోహ: మ్యూజియం బండిని కొలుచుకొస్తే చాలు.

కొలతలకి సరే, కాలానికి కాదు. పేరుమోసిన బ్రిటిష్ ఆవిరి ఇంజన్ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌నే తీసుకోండి. 1923లో కట్టారు, 1947లో మార్పులు చేసి తిరిగి కట్టారు, జంట పొగగొట్టం సర్వీసు చివరి ఏళ్లలో వచ్చింది. భద్రపరిచాక ఒక దశలో ఆ జంట పొగగొట్టంతోనే పాత ఆకుపచ్చ రంగులో, 4472 నంబరుతో తిరిగింది. సర్వీసులో ఉండగా ఆ వేషంలో దాన్ని ఎవరూ చూడలేదు.

అపోహ: టైమ్‌టేబుల్ అంటే ప్రయాణికులకి అమ్మేదే.

అందులో గూడ్స్ బండ్లు ఉండవు. సిబ్బంది కోసం అచ్చువేసే వర్కింగ్ టైమ్‌టేబుల్ సంపాదించండి. ఏ బండి ఎక్కడ ఆగి దేనికి దారి ఇవ్వాలో, వేగ పరిమితులేమిటో అందులో ఉంటాయి. లేఅవుట్ మీద బండ్లు నిజంగా నడిపించాలనుకునేవాళ్లకి పది బొమ్మల పుస్తకాలకన్నా ఇదొక్కటి ఎక్కువ.

అపోహ: స్కాన్ చేసేస్తే భద్రం.

ఫైలు పేరు "స్కాన్ 0047" అయితే అది పోయినట్టే. తేదీ, చోటు, బండి నంబరు ఆ పేరులోనే ఉండాలి. కాపీ ఇంకో డిస్కులో, వీలైతే ఇంకో ఇంట్లో ఉండాలి. కాగితాలని పీవీసీ కవర్లలో పెట్టకండి, ఏళ్లు గడిస్తే కాగితం మీది అచ్చు ఆ కవరుకి అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ మంచిది.

అన్నట్టు, నా సిగ్నల్ స్తంభం దొరికింది. ఎప్పటినుంచో నా దగ్గరున్న ఒక ఇంజన్ ఫొటోలో, వెనకాల. దాని పక్కనే కొలతలు తెలిసిన వ్యాగన్ నిలబడి ఉంది, దాంతో ఎత్తు లెక్కగట్టేశాను. ఆ ఫొటోని ఇంజన్ నంబరు కిందే దాచుకోవడం వల్ల కనబడలేదు. ఇప్పుడు ఫొటో వెనకాల ఏమేం పడ్డాయో కూడా ఒక కాలమ్‌లో రాసుకుంటున్నాను. ఇప్పటికి మూడొందల ఫొటోలయ్యాయి, ఇంకా చాలా ఉన్నాయి.