పంట వేసే ముందు ఒక గుంట తవ్వి చూడండి

పంటకు చోటు వెతికేటప్పుడు చాలామంది మొదట అడిగేది "ఈ మట్టిలో బలం ఉందా?" అని. నా లెక్కలో ఆ ప్రశ్న తర్వాత రావాలి. బలం లేని మట్టికి పశువుల ఎరువు, కంపోస్టు వేసి, పచ్చిరొట్ట కలియదున్ని కొన్నేళ్లలో బలం తేవచ్చు. కానీ జానెడు మట్టి కింద రాయి ఉంటే దాన్ని ఏ ఎరువూ కరిగించదు. నేల లోతు, వాలు, భూగర్భజల మట్టం, మట్టిలో ఇసుక-బంక పాళ్లు, ఇవి మనం మార్చగలిగేవి కావు. కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు ముందు వీటినే చూడాలి.

అందుకు కావలసింది పార, గునపం, కాస్త ఓపిక. వీలైతే మీటరు లోతు గుంట తవ్వి, ఒక పక్క గోడను చాకుతో గీకి శుభ్రం చేస్తే పొరలు కనిపిస్తాయి. పైన ముదురు రంగులో ఉండేది కుళ్లిన ఆకులు, వేర్లు కలిసిన పొర. మొక్కలకు ఆహారం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. దాని కింద పొరల రంగును జాగ్రత్తగా చూడండి. ఎరుపు, పసుపు, గోధుమ రంగులు ఏకరీతిగా ఉంటే అక్కడికి గాలి బాగా అందుతోందని చెప్పవచ్చు. మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చే రంగులివి. నీళ్లు చాలాకాలం నిలిచి ఆక్సిజన్ అయిపోతే సూక్ష్మజీవులు దానికి బదులు ఆ ఇనుమునే వాడుకుంటాయి. అది కరిగి కొట్టుకుపోయి, మట్టి బూడిద రంగుకో నీలి రంగుకో తిరుగుతుంది. బూడిద రంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే నీటి మట్టం అక్కడిదాకా వచ్చి వెనక్కి పోతోందని అర్థం. అంటే నేల పూర్తిగా ఎండిన రోజుల్లో తవ్వినా, తడి రోజుల్లో నీళ్లు ఎక్కడిదాకా ఎగదన్నాయో ఆ గోడ మీద తెలిసిపోతుంది. నేల గురించి ఇంత సులభంగా, ఖర్చు లేకుండా ఇంత చెప్పే పరీక్ష మరొకటి లేదని నా నమ్మకం.

గుంటలో కలుపు మొక్కల వేర్లు ఎలా ఉన్నాయో కూడా గమనించండి. నిటారుగా దిగుతున్న వేర్లు ఒకే లోతులో పక్కకు తిరిగాయంటే అక్కడ గట్టిపొర ఉంది. బరువైన యంత్రాలు తిరిగి, ఏటా ఒకే లోతులో దున్నడం వల్ల ఏర్పడ్డదైతే లోతు దుక్కితో పగలగొట్టవచ్చు. రాతి పొర అయితే ఆ చోటు వదిలేయడమే మేలు.

ఇక నీటి సంగతి. 30 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. గంటకు 2.5 సెంటీమీటర్లు కూడా దిగకపోతే నీరు ఇంకడం బాగా నెమ్మది. 10 సెంటీమీటర్లు దాటితే మట్టిలో తేమ నిలవదు, నైట్రేట్ల లాంటి పోషకాలు నీటితో పాటు కిందికి జారిపోతాయి. నీరు మరీ నెమ్మదిగా ఇంకినా ముప్పే, ఎందుకంటే వేర్లు కూడా శ్వసిస్తాయి. ఆక్సిజన్ గాలిలో కన్నా నీటిలో దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. నీళ్లు నిలిచిన చేలో మొక్క వాడిపోవడానికి అసలు కారణం ఇదే.

నీరు ఎలా దిగుతుందన్నది చాలావరకు రేణువుల సైజును బట్టి ఉంటుంది. 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 వరకు ఇసుక, అక్కడి నుంచి 0.002 వరకు ఒండ్రు, అంతకన్నా సన్ననిది బంక. ఇంత సన్నటి బంక రేణువులకు ఉపరితలం మాత్రం ఊహకందనంత ఎక్కువ. కొన్ని రకాల బంకలో ఒక్క గ్రాముకు 700 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. దాని మీది రుణావేశం (నెగటివ్ చార్జ్) కాల్షియం, పొటాషియం, మెగ్నీషియంలను పట్టి ఉంచి, వేర్లకు కొద్దికొద్దిగా అందిస్తుంది. ఇసుకకు ఆ శక్తి లేదు. తడి మట్టిని బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయండి. 5 సెంటీమీటర్లు దాటి తెగకుండా సాగితే బంక ఎక్కువ. అసలు సాగకుండా రాలిపోతే ఇసుక ఎక్కువ. ఇసుక, ఒండ్రు, బంక తగుపాళ్లలో కలిసిన మధ్యరకం గరప నేల దొరికితే అదృష్టమే. బంకనేలకు ఇసుక కలిపితే గుల్లబారుతుందని కొందరు చెబుతారు, నమ్మకండి. కొద్దిపాటి ఇసుక కలిపితే అది ఇంకా గట్టిపడే ప్రమాదం ఉంది. బంకనేలను గుల్లబరిచేది కంపోస్టు, వేర్లు, శిలీంధ్రాలు, వానపాములు. వానపాముల శక్తిని చార్లెస్ డార్విన్ ఎన్నో ఏళ్లు పరిశీలించి, ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వాటి కడుపులోంచి బయటికి వస్తుందని 1881లో లెక్క చెప్పాడు.

పల్లంలో నీళ్లే కాదు, చలి రాత్రుల్లో బరువైన చల్లగాలి కూడా చేరుతుంది. మంచు పడే ప్రాంతాల్లో లేత మొక్కలు ముందు మాడేది అక్కడే. కాయ కాసే మొక్కలకు రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. చెట్టు నీడ పడని చోటైనా దాని వేర్లు కొమ్మల అంచు దాటి చాలా దూరం వస్తాయని మరవకూడదు.

ఇవన్నీ చూశాకే ల్యాబ్ పరీక్ష. పొలంలో పది పదిహేను చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి కలిపి, అందులో అరకిలో పంపాలి. గట్లు, చెట్ల మొదళ్లు, ఎరువు కుప్పలు వేసిన చోట్లు వదిలేయాలి. రిపోర్టులో ముందు పీహెచ్, అంటే మట్టి ఆమ్లమా క్షారమా చెప్పే కొలత చూడండి. 6 నుంచి 7.5 మధ్య చాలా పంటలకు అనుకూలం. ఈ కొలతలో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పదిరెట్లు పెరిగినట్టు. 5.5 కన్నా తగ్గితే అల్యూమినియం కరిగి వేర్లను దెబ్బతీస్తుంది, సున్నం వేసి సరిచేయవచ్చు. 8 దాటితే ఇనుము, జింకు మట్టిలో ఉన్నా మొక్కకు అందవు. సోడియం ఎక్కువైన చౌడు నేలలో ఎండిన పెళ్లను వాన నీటిలో వేస్తే నీళ్లు పాలలా తెల్లబారతాయి. అలాంటి నేలకు జిప్సం అనే ఖనిజం వేస్తే, అందులోని కాల్షియం ఆ సోడియాన్ని పక్కకు నెడుతుంది. అయితే నెట్టిన సోడియం నీటితో కిందికి పోవాలి కదా, మురుగు పోయే దారి లేని చోట జిప్సం వేసినా ఫలితం ఉండదు.

పాత భవనాలు కూల్చిన స్థలాల్లో, రద్దీ రోడ్ల పక్కన పాత రంగుల నుంచి, ఒకప్పటి పెట్రోలు నుంచి వచ్చిన సీసం అనే విష లోహం పై మట్టిలోనే వందల ఏళ్లు ఉండిపోతుంది. మామూలు మట్టి పరీక్షలో సాధారణంగా దాన్ని చూడరు. అలాంటి చోట ఆకుకూరలు, దుంపలు పెంచాలనుకుంటే సీసం పరీక్ష విడిగా అడిగి చేయించాలి.